నల్లరేగడి మీద శనివారం

ఎనిమిదిన్నరకి మటాటు వచ్చి ఆగింది.
మచాకోస్ నుంచి పన్నెండుమంది ఆడవాళ్లు దిగారు.
వాళ్లది చామా, చీటీల సంఘం:
ఒకటే నోటు పుస్తకం, ఆరేళ్లుగా
మనిషికి వారానికి రెండొందల షిల్లింగులు.
డబ్బు సంచి మ్వికాలి నడుముకి కట్టుంది.
అందరూ దాన్ని చూడనట్టు చూస్తున్నారు.

నేను సర్వేయర్ని. వఫూలా అంటారు.
ఈ కిటెంగెలా మైదానంలో
సిమెంటు హద్దురాళ్లు పాతడం నా పని.
రాయికి ఇటు ఒకడి కోరిక, అటు ఇంకొకడి అప్పు.

ఎర్రజెండాల మధ్య నిలబడి బ్రోకరు కిరాగు
చేతులు చాపి రోడ్డు వేసేశాడు,
బడి కట్టేశాడు,
ఆసుపత్రికి రిబ్బను కూడా కత్తిరించేశాడు.
గాలి మాత్రం ఉన్న గడ్డినే దువ్వుతోంది.

"టైటిలు నిఖార్సయిందేనా?
అమ్మేవాడికి ఎందరు పెళ్లాలు, అందరూ సంతకం పెట్టారా?"
"అందరూ" అన్నాడు కిరాగు.
"ఎందరు?" అంది ముంబువా మళ్లీ.

బోరు వేస్తే ఎంత లోతుకి నీళ్లు?
"రెండొందల మీటర్లు" అన్నాన్నేను.
కిరాగు నావైపు కొరకొరా చూశాడు.
ఉప్పనా తియ్యనా అని ఎవరూ అడక్కముందే
ఉప్పన అని కూడా చెప్పేశాను.
నోరు జారడం నాకు పాత జబ్బు.

రోడ్డు ఎప్పుడొస్తుంది?
రేటు ఎన్నేళ్లకి రెట్టింపవుతుంది?
ఇప్పుడే కొనాలా, వడ్డీలు దిగేదాకా ఆగాలా?
ఆగితే చేజారుతుందా, కొంటే మునుగుతామా?
నాకు వినబడింది ఒక్కటే ప్రశ్న,
గొంతులు మార్చుకుని వస్తోంది:
మేం మోసపోవడం లేదు కదా?
దానికి నా టేపు మీద గీత లేదు.

అంతలో లెకిషోన్ ఆవులు
నలభై ఏడో ప్లాటులోంచి నలభై ఎనిమిదిలోకి
తీరిగ్గా నడిచిపోయాయి.
ఒక కోడెదూడ నా రాయికి మెడ రుద్దుకుంది.
"భూమి ఇతనిదా?" అంది కలోండు.
"ఒకప్పుడు" అన్నాడు కిరాగు.
లెకిషోన్ నవ్వాడు, కర్ర భుజం మార్చుకున్నాడు.
ఆ నవ్వుని ఏ డాక్యుమెంటులో ఎక్కించాలో నాకు తెలీదు.

గుడ్లమ్మే స్యోంబువా వంగి
మట్టిపెళ్ల తీసి, ఉమ్మితో తడిపి, పిసికింది.
"నల్లరేగడి. ఎండకి నోరు తెరుస్తుంది,
వానకి కడుపు ఉబ్బుతుంది.
పునాదికి నడుంలోతు తవ్వాలి.
ఆ ఖర్చు నీ కాగితంలో ఎక్కడుంది నాయనా?"
కిరాగు కాగితం తిరగేశాడు.
వెనకవైపు తెల్లగా ఉంది.

అందర్లోకీ చిన్నది, న్దాను,
అప్పటిదాకా నోరెత్తలేదు.
"మాలో ఒకరు చచ్చిపోతే
ఆ వాటా ఎవరిది?" అంది.
మటాటు డ్రైవరు రేడియో తగ్గించాడు.
పిల్లలది, అన్నారు ఎవరో. సంఘానిది, అన్నారు ఇంకెవరో.
"మొగుడిది మాత్రం కాదు" అంది మ్వికాలి.
నవ్వారు. నవ్వు సగంలో ఆగింది.
ఆరేళ్ల నోటు పుస్తకంలో ఆ పేజీ లేదు.

"మరి నువ్వు కొన్నావా ఇక్కడ?"
ముంబువా నన్నే అడుగుతోంది.

కొన్నాను. తొమ్మిదేళ్ల కిందట.
నేనే కొలిచాను, నేనే రాయి పాతాను.
అంగుళం కూడా తేడా రాలేదు.
నాకంటే ముందు ఆ ప్లాటు ఇద్దరికి అమ్ముడుపోయింది, అంతే.
ఇప్పుడు నా రాయి ఒకావిడ వంటింట్లో ఉంది.
పొయ్యి మీంచి దించిన ఉగాలి గిన్నె
దానిమీదే పెడుతుంది.
పోయినేడు నాకూ వడ్డించింది.
బాగానే ఉంది, కాస్త అడుగంటింది.

ఆ రోజు వాళ్లు కొనలేదు.
మటాటు నీడలో కూర్చుని
ఫ్లాస్కులో టీ పంచుకుని పోట్లాడుకున్నారు.
న్దాను కొత్త పేజీ తెరిచి
"చనిపోతే" అని రాసి, పెన్ను పట్టుకుని
అలాగే ఉండిపోయింది.
"వచ్చే శనివారం" అని కిరాగుతో చెప్పారు.

బండెక్కబోతూ స్యోంబువా
ఆ మట్టిపెళ్లని పాత పేపర్లో చుట్టి సంచిలో వేసుకుంది.
"దీనికేం ఇవ్వక్కర్లేదు కదా?" అంది.
కిరాగు వెంటనే జవాబు చెప్పలేదు.
లెక్క వేస్తున్నట్టున్నాడు.